ఆమె ఇచ్చిన తింతో

"నా చేత్తో నేనే ఇచ్చాను. ఎన్నిసార్లడిగినా అదే చెబుతాను. ఇచ్చినదాన్ని ఇవ్వలేదని ఎలా అనమంటారమ్మా?"

మిరేయా ఓయార్సున్ ఆ మాట అన్న తీరుకి నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కాదు. ఇంత సూటిగా మాట్లాడే ముసలావిడని రెండు రాత్రులు చెక్కబల్ల మీద పడుకోబెట్టి, ఇవాళ మధ్యాహ్నం మూడింటికల్లా హత్యానేరం ఒప్పుకుంటున్నట్టు సంతకం చేయించడానికి కాగితాలు సిద్ధం చేసుకున్న ఈ స్టేషన్ వాళ్ల మీద.

నా పేరు నొహెమీ అర్దీలా. ఒకప్పుడు నేనూ ఖాకీ తొడుక్కున్నదాన్నే. ఒక పై అధికారి మొహాన ఫైలు విసిరికొట్టి బయటికొచ్చాక, మా ఊరు బుకరమాంగాలోనే సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్నాను. మిరేయా తరఫున కోర్టు వారిచ్చిన ఉచిత లాయరు పొద్దున్నే నాకు ఫోన్ చేశాడు. "ఒకసారి వెళ్లి చూడు తల్లీ. ఆవిడ తనంతట తనే ఒప్పేసుకుంటోంది. అంత సులువుగా ఒప్పుకునే హంతకుల్ని నేనింతవరకూ చూడలేదు" అన్నాడు. నేనూ చూడలేదు.

కేసు వినడానికి చాలా తేలిక. చనిపోయినాయన దోన్ ఎలాదియో సార్మియెంతో. మా ఊరివాడే. సగం జీవితం చిలీలో వ్యాపారం చేసుకుని, ముసలితనంలో తిరిగొచ్చి మూడు వారాలైంది. అక్కడ ఆయనకి వండిపెట్టిన మిరేయా కూడా వెంట వచ్చింది. శుక్రవారం సాయంత్రం భోంచేసి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే కుప్పకూలాడు. బల్ల మీద కప్పులో అడుగున మిగిలిన కాఫీలో ఎలకల మందు దొరికింది. ఎవరిచ్చారని అడిగితే మిరేయా చెప్పిన వాక్యం ఒక్కటే. "భోజనంతో పాటు తింతో నేనే ఇచ్చాను, మొత్తం తాగారు."

తింతో అంటే ఏమిటో మా దేశంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పాలు లేని నల్ల కాఫీ. ఎవరింటికెళ్లినా ముందు చేతికొచ్చేది అదే. విషం కాఫీలో ఉంది, కాఫీ ఆవిడే ఇచ్చానంటోంది, ఆ ముసలాయన చిలీలో ఉన్న తన ఇల్లు ఆవిడ పేర రాశాడు కూడా. ఇన్‌స్పెక్టర్ ఎవెలియో రువేదా అంతటితో కేసు ముగించి, రేడియోలో తన గొంతు కూడా వినిపించేశాడు.

"ఆయనకి ఎలకల మందు ఎందుకు పెట్టారు?" అని అడిగాను, మొహం చూద్దామని.

ఆవిడ కళ్లు నీళ్లతో నిండిపోయాయి గాని చూపు తిప్పుకోలేదు. "నేను పెట్టలేదు. నేనిచ్చినదాంట్లో ఎవరో కలిపి ఉంటారు. నేను చూసుకోలేదు. అది నా తప్పే కదా. ఆ ఇన్‌స్పెక్టరు బాబు కూడా అదే అన్నాడు. చూసుకోకుండా ఇవ్వడం కూడా చంపడం కిందే లెక్కట. సంతకం పెడితే సగం శిక్షే పడుతుందట."

"చెయ్యని నేరానికి సగం శిక్ష మాత్రం ఎందుకు?"

"నాకు చట్టాలు తెలియవమ్మా. నాకు తెలిసిందల్లా, గ్లాసు నా చేతిలోంచే వెళ్లింది."

గ్లాసు అన్న మాట నా చెవిన పడిందో లేదో, అప్పుడే కాఫీ అమ్మే ఆవిడ ఫ్లాస్కులు మోసుకుంటూ స్టేషన్ లోపలికొచ్చింది. రెండు కప్పులు పోయించాను. ఒకటి మిరేయా ముందుకు జరిపి, "ముందు ఈ తింతో తాగండి. మొహం ఎలా పీక్కుపోయిందో చూడండి" అన్నాను.

ఆవిడ కప్పు వంక చూడలేదు. నా వంక చూసింది, నేనేదో బూతు మాట అన్నట్టు.

"పొద్దున్నేనా? అదీ పోలీస్ స్టేషన్లోనా? నేనలాంటిదాన్ని కాదమ్మా. నా మొగుడు తాగి తాగే పోయాడు. పండగపూట ఒక గుక్క తప్ప నేను ముట్టను."

నా వేళ్లకి కాఫీ చురుక్కుమని తగిలింది. కప్పు కింద పెట్టాను.

"దోన్యా మిరేయా, తింతో అంటే ఏమిటి?"

"అదేం ప్రశ్న? ఎర్రది. సీసాలోది. మాంసం వండినరోజు దోన్ ఎలాదియోకి ఒక గ్లాసు ఉండాలి. డాక్టరు కూడా ఒప్పుకున్నాడు."

"మరి ఇది?"

"ఇది కాఫీ."

"శుక్రవారం ఆయనకి కాఫీ ఇచ్చారా?"

"ఆయనకి కాఫీ నేనెప్పుడూ ఇవ్వలేదు. మేం టీ తాగేవాళ్లం. కాఫీ కాయడం నాకు సరిగ్గా చేతకాదు కూడా."

కుర్చీ వెనక్కి పడిపోయేంత వేగంగా లేచాను. పక్క బల్ల దగ్గర రాసుకుంటున్న పోలీసు తలెత్తి చూశాడు. నాకు అరవాలనిపించింది. ద్రాక్షసారా ఇచ్చానని ఒక మనిషి నిజం చెబితే, కాఫీ ఇచ్చానని రాసుకుని, విషం ఉన్న కప్పుని తెచ్చి ఆ మాటకి తగిలించారు. మూడు రోజుల్లో ఒక్కడంటే ఒక్కడికి ఆవిడ ఏ దేశం నుంచి వచ్చిందో గుర్తు రాలేదు!

"ఇన్నాళ్లుగా ఈ ఊళ్లో ఉన్నారే, కాఫీని తింతో అంటారని ఎవరూ చెప్పలేదా?"

"ఈ మోకాళ్లతో నేను బయటికెక్కడ వెళ్తాను? ఇంట్లో ఇద్దరమే. ఆయన కూడా మా మాటే మాట్లాడేవారు." ఆవిడకి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. "ఎందుకమ్మా, ఏమైంది?"

"చెబుతాను. గ్లాసు ఇచ్చాక ఏం చేశారు?"

"పళ్లేలు తీసి నా గదిలోకి వెళ్లి మోకాళ్లకి తైలం రాసుకుంటున్నాను. ఎవరో తలుపు కొట్టారు. ఆయనే తీశారు. 'రండి రండి, ఎన్నాళ్లకెన్నాళ్లకి' అన్నారు. తర్వాత ఆయన నవ్వడం వినిపించింది. ఆ తర్వాత కేక. నేను కుంటుకుంటూ వచ్చేసరికి ఆయన ఒక్కరే ఉన్నారు, తలుపు తీసి ఉంది. ఇదంతా ఇన్‌స్పెక్టరుకి చెప్పాను. 'అది టీవీలో అయ్యుంటుందిలే అమ్మమ్మా' అన్నాడు."

"నేనొచ్చేదాకా దేనిమీదా సంతకం పెట్టకండి. దేవుడొచ్చి కలం ఇచ్చినా పెట్టకండి."

దోన్ ఎలాదియో ఇంటి గుమ్మంలో కాపలా ఉన్న కానిస్టేబుల్ ఒళ్లో పొట్లం పెట్టుకుని మా ప్రాంతపు చిరుతిండి, వేయించిన చీమలు తింటున్నాడు. నన్ను చూసి లేవబోయి, లాయరిచ్చిన అనుమతి కాగితం చూసి మళ్లీ కూర్చున్నాడు.

"తీసుకోండి డాక్టొరా, కరకరలాడుతున్నాయి."

మా ఊళ్లో కాస్త చదువుకున్నట్టు కనపడిన ఆడవాళ్లందరూ డాక్టొరాలే. పిడికెడు తీసుకుని లోపలికి నడిచాను. కోపంలో ఉన్నప్పుడు నాకు ఏదో ఒకటి నమలాలి.

ముందు వంటగది చూశాను. టీ డబ్బా ఉంది, నీళ్లు మరిగించే కెటిల్ ఉంది, బాగా పండిన అవకాడోలు, గుడ్డలో చుట్టిన బ్రెడ్డు ఉన్నాయి. అలమరలన్నీ తెరిచాను, డబ్బాల మూతలన్నీ తీసి వాసన చూశాను. కాఫీ పొడి లేదు. కాఫీ వడకట్టే గుడ్డ సంచి లేదు. కాఫీ కాచే గిన్నె లేదు. చెత్తబుట్టలో చెయ్యి పెట్టి కెలికితే తడి టీ ఆకులే వచ్చాయి. మా ఊళ్లో కాఫీ లేని వంటగది చూడటం నా జన్మలో అదే మొదలు. అయినా ఈ ఇంట్లో సోదా చేసినవాళ్లకి అది వింతగా అనిపించలేదు. వాళ్లు వంటగదిలోకి తొంగి చూశారా అన్నదే నా అనుమానం.

భోజనాల గదిలో ఆయన కూర్చున్న కుర్చీ వెనక్కి జరిపి ఉంది. బల్ల మీద గ్లాసు అడుగున ఎర్రటి వలయం ఎండిపోయి ఉంది. పక్క బీరువా మీద చిలీ నుంచి తెచ్చుకున్న సీసా బిరడాతో సహా నిలబడి ఉంది. విషం ఉన్న కప్పుని పోలీసులు పట్టుకెళ్లారు. ఈ గ్లాసు వాళ్లకి కనపడలేదు, సీసా కనపడలేదు, హత్య జరిగిన బల్ల మీద వేలెడు ఎత్తున నిలబడి సాక్ష్యం చెబుతున్న వస్తువుని ఒక్కడూ ముట్టుకోలేదు.

అంటే కాఫీ బయటినుంచి వచ్చింది. తలుపు కొట్టినవాడు వేడివేడిగా వెంట తెచ్చాడు. ఇన్నేళ్ల తర్వాత సొంత ఊళ్లో పాత పరిచయస్తుడు కాఫీ తెచ్చిస్తే ఏ ముసలివాడు కాదంటాడు? ఆనందంగా తాగి ఉంటాడు. చేదుగా ఉన్నా, మరిచిపోయిన రుచి అనుకుని ఉంటాడు పాపం.

"మా కేసులో నీకేం పని, నొహెమీ?"

గుమ్మంలో రువేదా. మేమిద్దరం ఒకే ఏడాది ఉద్యోగంలో చేరాం. అప్పుడే ఇస్త్రీ మడత నలగనివ్వకుండా ఎలా ఉండాలో అతనికి తెలుసు, ఇప్పటికీ అంతే. సెంటు వాసన మనిషికంటే ముందు లోపలికొచ్చింది.

"మీ కేసులో మీరు చెయ్యని పని చేస్తున్నాను."

"లాయరు పంపాడా? అయ్యో పాపం. మూడింటికి సంతకం అయిపోతుంది. నువ్వు అనవసరంగా ఎండలో పడొచ్చావు."

"ఈ ఇంట్లో కాఫీ ఎక్కడుందో చూపించు."

"ఏంటి?"

"కాఫీ. పొడి, గుడ్డ, గిన్నె. ఏదో ఒకటి చూపించు. చూపిస్తే నేనిప్పుడే ఇంటికెళ్లిపోతాను."

అతను వంటగది వైపు కూడా చూడలేదు. "అయిపోయి ఉంటుంది."

"కాఫీ అయిపోతుంది. గిన్నె కూడా అయిపోతుందా? రువేదా, ఆవిడ తింతో ఇచ్చానన్నది దీన్ని." సీసా ఎత్తి మొహం ముందు పెట్టాను. "చిలీలో తింతో అంటే ఇది. స్పెయిన్ వెళ్లి అడుగు, ఇదే తెస్తారు. పోర్చుగల్లో అడిగినా ఇదే పోస్తారు. మనమొక్కళ్లమే ఆ పేరు తీసుకెళ్లి కాఫీకి తగిలించుకున్నాం."

"పాఠం చెబుతున్నావా?"

"చెబుతాను, నీకు కావాలి గనక. సిస్టర్ల బడిలో నా చేత కర్రతో కొట్టి వల్లె వేయించారు. లాటిన్లో అది తింక్తుస్. అద్దకం వేసినది, రంగు పట్టినది అని అర్థం. అంతకుమించి ఏమీ లేదు. రంగు పట్టిన ద్రాక్షసారాకి వాళ్లు ఆ పేరు పెట్టుకున్నారు, రంగు పట్టిన వేడినీళ్లకి మనం పెట్టుకున్నాం. నీ జేబులో పెన్నులో ఉన్న సిరా మన భాషలో తింతా, అదీ ఆ తల్లి బిడ్డే. జర్మన్లు కూడా సిరాని దాదాపు అలాగే అంటారు. దెబ్బ తగిలితే పూసే టింక్చరూ ఆ ఇంటిదే. ఇంగ్లీషువాళ్లు లేతరంగుని టింట్ అంటారు, అదీ ఆ ఇంటిదే. ఇన్ని దేశాలు తిరిగి ఇన్ని వేషాలు వేసిన మాట అది! చిలీ నుంచి వచ్చిన మనిషి నోట ఆ మాట వస్తే, ఏ తింతో అమ్మా అని ఒక్క ముక్క అడగడానికి నీకు నోరు రాలేదా? ఒక్క ముక్క! దానికి బదులు ఆవిడ మిగతా బతుకంతా రాయించుకుంటావా?"

గొంతు నాకే పెద్దగా వినిపించింది. గుమ్మంలో కానిస్టేబుల్ నమలడం ఆపేశాడు.

రువేదా మొహంలో రంగు మారుతుందని చూశాను. మారలేదు. చిన్నగా నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సరే, పొరపాటే అనుకో. ఈ ఊళ్లో తింతో అంటే ఎవడికైనా ఏం గుర్తొస్తుంది? నేను చిలీ వెళ్లానా? వైన్ అనేదాన్ని నేను చూసింది పూజలో ఫాదరు చేతిలోనే. రుచి ఎలా ఉంటుందో కూడా తెలీదు. ఆవిడ తన భాషలో చెప్పింది, నేను నా భాషలో రాసుకున్నాను. ఇందులో నేరం ఏముంది?"

"మరి తలుపు కొట్టినవాడు?"

"టీవీ."

"టీవీ కాఫీ తెచ్చిస్తుందా? లాయరు చెప్పాడు, సోమవారం దోన్ ఎలాదియో కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి ఉంది. తను లేనప్పుడు దొంగ సంతకంతో సపతోకా దగ్గరున్న తన పొలం ఎవరు కాజేశారో పేరు పెట్టి చెబుతానన్నాడట. ఆ పేరెవరిదో కనుక్కున్నావా?"

"పాత పొలం గొడవలు నూరున్నాయి ఈ జిల్లాలో. అందరి చుట్టూ తిరగమంటావా?" అని లేచాడు. "సీసా కావాలా? తీసుకెళ్లు. నీకిష్టమైన చోట పరీక్ష చేయించుకో. అందులో విషం చుక్క కూడా ఉండదు. కానీ ఆవిడ సంతకం పెట్టాక నీ లాటిన్ ఎవడూ వినడు."

"ఆవిడ సంతకం పెట్టదు."

"ముసలివాళ్లు త్వరగా అలిసిపోతారు నొహెమీ. మనం తొందరపెట్టక్కర్లేదు."

అతని మాటలు ఒక్కొక్కటే చెవిన పడ్డాయి గాని, లోపలికి దిగలేదు. నాకు అతని మీద అసహ్యం తప్ప ఇంకేమీ కలగలేదు. వీడు దుర్మార్గుడు కాదు, మొద్దు వెధవ అనుకున్నాను. బడిలో పదాలు నేర్వక, ఉద్యోగంలో వినడం నేర్వక, పొరపాటుని ఒప్పుకోవడానికి అహం అడ్డొచ్చి కూర్చున్న మనిషి. జడ్జి ముందు మిరేయాని నిలబెట్టి ఒక కప్పు, ఒక గ్లాసు పక్కపక్కన పెడితే చాలు, వీణ్ణి చూసి ఊరంతా నవ్వుకుంటుంది. ఆ సంతోషంతోనే సీసా సంచిలో పెట్టుకుని టాక్సీ ఎక్కాను.

స్టేషన్ మేడమీద గదిలో అడుగుపెట్టేసరికి మిరేయా చేతిలో కలం ఉంది. ఎదురుగా కాగితం ఉంది. ఇందాక పక్క బల్ల దగ్గర రాసుకుంటున్న పోలీసు, ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తున్నాడు.

కలం లాగేసుకున్నాను. "మూడింటికి అన్నారు కదా? ఇప్పుడు టైమెంత?"

"ఇన్‌స్పెక్టరు గారు ఫోన్ చేశారు డాక్టొరా. ముందే కానిచ్చేయమన్నారు."

ఎప్పుడు చేశాడు? నేను టాక్సీలో ఉండగానే అయ్యుండాలి. అతన్ని బయటికి పొమ్మని, తలుపు వేసి, మిరేయా పక్కన కూర్చున్నాను. మెల్లగా, మొదటినుంచీ చెప్పాను. మీ తింతో వేరు, మా తింతో వేరు. మీరిచ్చినదాంట్లో విషం లేదు. విషం వేరెవరో తెచ్చిన కాఫీలో ఉంది. మీ చెయ్యి శుభ్రంగా ఉంది. ఆవిడ తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఏడ్చింది. మూడు రోజులుగా ఆ చేతుల్నే తిట్టుకుంటోందట.

"ఇదంతా ఆ రువేదా తెలివితక్కువతనం. మీ మాట అతనికి అర్థం కాలేదు, అంతే. తింతో అంటే కాఫీ అనుకున్నాడు" అన్నాను.

ఆవిడ కళ్లు తుడుచుకుని తల అడ్డంగా ఊపింది.

"లేదమ్మా. ఆ బాబుకి తెలుసు."

"ఏం తెలుసు?"

"తింతో అంటే ఏదో తెలుసు. ఆ సాయంత్రం నేను కిటికీలోంచి కేకలు పెట్టగానే ముందు వచ్చింది అతనే. పక్క వీధిలోనే ఉన్నానన్నాడు. డాక్టరు ఇంకా రాలేదు. దోన్ ఎలాదియో అలా నేల మీదే ఉన్నారు. నేనాయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అతను బీరువా దగ్గరకెళ్లి సీసా తీసి, ఇంకో గ్లాసు తీసుకుని పోసుకున్నాడు. మొత్తం తాగాడు. 'మంచి తింతో అమ్మమ్మా, ఏ లోయది?' అని అడిగాడు. మౌలే లోయ ద్రాక్షది అని చెప్పాను. శవం పక్కన తాగడమేంటని నాకు వింతగానే అనిపించింది. మీ దేశంలో పోలీసులు అలాగే చేస్తారేమో అనుకున్నాను."

సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను.

ఒక మనిషి విషంతో చచ్చి కాళ్ల దగ్గర పడి ఉన్నాడు. ఆ విషం కప్పులో ఉందో, గ్లాసులో ఉందో, సీసాలో ఉందో లోకంలో ఎవరికీ ఇంకా తెలియదు. పరీక్షలు మర్నాడు గాని జరగలేదు. అలాంటి చోట అతను ఆ చనిపోయినాయన సీసాలోంచి పోసుకుని, అడుగంటా తాగి, రుచి మెచ్చుకున్నాడు. వైన్ రుచే తెలియదన్న మనిషి! ఆ సీసాలో విషం లేదని అతనికి ముందే తెలుసు. ఆవిడ మాట అతనికి అర్థం కాకపోవడం కాదు. మొదటి గంటలోనే అర్థమైంది. ఏ ఊళ్లో ఏ అర్థం చెల్లుతుందో తెలిసి, ఆ ఒక్క మాటనే పట్టుకుని ఆవిడ మెడకి బిగించాడు. ఈ ఊరంతా తనతో కలిసి పొరబడుతుందని అతనికి తెలుసు. నేనూ పొరబడ్డాను, వేరే రకంగా. మొద్దు అని తీసిపారేశాను.

"ఆ గ్లాసు ఎక్కడుంది?"

"కడిగి లోపల పెట్టేశాను. ఇంటికొచ్చినవాళ్ల ఎంగిలి గ్లాసు అలా వదిలేస్తామా?"

అంటే వేలిముద్ర లేదు, మరక లేదు. అతను తాగాడని చెప్పగలిగిన మనిషి భూమ్మీద ఈవిడ ఒక్కతే. సంతకం పెట్టదని నేనే అతని మొహం మీద చెప్పొచ్చాను.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

"ఎవరూ అడగలేదు."

తలుపు తెరుచుకుంది. పోలీసు లోపలికొచ్చి నా కళ్లలోకి చూడకుండా గోడకి చెప్పినట్టు చెప్పాడు. "ఆవిడని ఆడవాళ్ల జైలుకి మార్చమని ఆర్డరు వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారే వ్యాను తీసుకుని వచ్చారు. కింద ఉన్నారు."

"సంతకమే కాలేదు, జైలుకెలా తీసుకెళ్తారు?"

"నాకు తెలియదు డాక్టొరా. ఎస్కార్టు కూడా వద్దన్నారు. ఆయనొక్కరే తీసుకెళ్తారట."

మిరేయా నా మొహం చూసి, ఏం అర్థమైందో గాని, మెల్లగా లేచి శాలువా సర్దుకుంది. మెట్ల మీద బూట్ల చప్పుడు పైకొస్తోంది. నేను ఆవిడ చెయ్యి నా చంకలో ఇరికించుకుని, మరో చేత్తో లాయరుకి ఫోన్ కలిపి, ఆ పోలీసు వైపు తిరిగి, వచ్చేవాడికి వినపడేలా గట్టిగా అరిచాను.

"వ్యానులో ఇద్దరికి చోటు చూసుకోమను! ఈవిడ ఎక్కాలంటే ముందు నన్నెక్కించాలి!"

బూట్ల చప్పుడు సగం మెట్లమీద ఆగిపోయింది.